ఒక నొక్కుకి నాలుగు

మా బిల్డింగు లిఫ్టు ఎంత నిదానమంటే, నున్నగా గడ్డం గీసుకుని కింద ఎక్కిన మనిషి ఐదో అంతస్తులో గడ్డం నిమురుకుంటూ దిగుతాడు. ఒకసారి ఒకావిడ నిండు నెలలతో ఎక్కింది. పైకి చేరేసరికి, "తొందరగా తలుపు తియ్యి బాబాయ్, పిల్లాడికి బడి టైమైపోతోంది" అంది. నమ్మకపోతే మీ ఇష్టం. పదిహేనేళ్ళుగా ఆ లిఫ్టులో స్టూలేసుకుని కూర్చున్నవాణ్ణి, నాకు తెలియదా?

నాకు చదువు అబ్బలేదు. రాసిన అంకెల్లో ఒకటి నుంచి ఐదు దాకా గుర్తుపడతాను. బిల్డింగు ఐదంతస్తులతో ఆగిపోయింది, నా చదువూ అక్కడే ఆగిపోయింది. ఇంకో నాలుగంతస్తులు లేపి ఉంటే ఈపాటికి ఏ పెద్ద ఆఫీసర్నో అయ్యుండేవాణ్ణి.

నాలుగో అంతస్తులో గళ్ళాఫీసు ఉంది. తలుపు మీద దాని అసలు పేరు రాసే ఉంది గానీ, నాకు చదవడం రాదు, చదవడం వచ్చినవాళ్ళకి అది పలకడం రాదు. అందుకని అందరం గళ్ళాఫీసనే అంటాం. అక్కడ ఇరవై మంది పొద్దస్తమానం కంప్యూటర్ల ముందు కూర్చుని గళ్ళు గీస్తారు. తెర మీద ఒక వీధి ఫొటో వస్తుంది. అందులో మనిషి ఉంటే మనిషి చుట్టూ ఒక గడి, కుక్క ఉంటే కుక్క చుట్టూ ఒక గడి, లారీ ఉంటే లారీ చుట్టూ పెద్ద గడి. పై మూలన ఒక నొక్కు, కింది మూలన ఒక నొక్కు, ఇది ఫలానా అని చెప్పడానికి ఇంకో నొక్కు. ఆ గళ్ళన్నీ చూసి నేర్చుకుని, రేపెప్పుడో డ్రైవరు లేని బళ్ళు రోడ్ల మీద తిరుగుతాయట. మా వదిన చేసేది ఆ పని. మా అన్నయ్య చేసేదేమో లారీ డ్రైవరు పని. మొగుడి చేతిలో స్టీరింగు ఊడబెరికే పని పెళ్ళాం చేతే చేయిస్తున్నారంటే, ఆ కంపెనీవాళ్ళ తెలివికి దండం పెట్టాలి.

"నా పొట్ట కొడుతున్నావే నువ్వు" అనేవాడు అన్నయ్య.

"మంచిదేగా. బండి దానంతటదే పోతుంటే నువ్వు నాలుగు రోజులు ఇంటిపట్టున ఉంటావు" అనేది వదిన.

ఆ మాట ఏ ఘడియలో అందో గానీ, అన్నయ్య నిజంగానే ఇంట్లో కూర్చున్నాడు. రెండు కళ్ళకీ పొరలు కమ్మాయి. ఎదురొచ్చే బండి దీపాలు దూదిపింజల్లా కనిపిస్తున్నాయన్నాడు. యజమాని తాళాలు తీసేసుకున్నాడు. ఇప్పుడు అన్నయ్య కంటికి నేనూ గోడా ఒకేలా కనిపిస్తాం. గోడంటేనే ఎక్కువ గౌరవం, అది కోతలు కొయ్యదని.

ఆపరేషన్ చేయిస్తే చూపు వస్తుందన్నారు. ఆ ఆపరేషన్ గళ్ళాఫీసు చేతిలో ఉంది. ఆ నెలాఖరుకి ఇరవై మందిలో పన్నెండు మందిని పర్మినెంట్ చేస్తారు. పర్మినెంట్ కాగితం చేతికొస్తే ఇంటిల్లిపాదికీ ఆస్పత్రి కంపెనీయే చూసుకుంటుంది. మిగతా ఎనిమిది మందికీ, వచ్చిన దారి ఉండనే ఉంది, నా లిఫ్టే.

ఆ పన్నెండు మందినీ ఎలా ఏరతారంటే, అక్కడే ఉంది అసలు సంగతి. గళ్ళాఫీసు గోడ మీద ఒక తెర వేలాడదీశారు. ఇరవై పేర్లు, ఎదురుగా అంకెలు. ఆ అంకెలు గళ్ళవి కావు. ఎవరు ఎన్నిసార్లు నొక్కారన్నది. అది పెట్టించినాయన అక్కడి సూపర్‌వైజరు. అసలు పేరు ఏదైనా, మేం నిమిషం సారంటాం. ఎవరైనా చేతులు కడుక్కోవడానికి లేస్తే చాలు, మణికట్టు తిప్పి గడియారం చూస్తాడు. మనిషి పనిచేస్తున్నాడా లేదా అన్నది వేలు చూస్తే తెలిసిపోతుందని ఆయన సిద్ధాంతం. నెలలో ఆఖరి పదిహేను రోజుల నొక్కులు లెక్కేసి, పైనున్న పన్నెండు పేర్లకీ కాగితాలిస్తానన్నాడు.

వదిన పేరు ఎప్పుడూ మూడో వరసలో ఉండేది. పధ్నాలుగు నెలలుగా అక్కడే, మేకు కొట్టినట్టు.

ఇంకో వింత చెప్పాలి. ఆ ఆఫీసు కుర్చీ ఇస్తుంది, కంప్యూటరిస్తుంది, మౌసు మాత్రం ఇవ్వదు. వెనక ఇచ్చేవాళ్ళట. అరిగిపోయినది పక్కవాళ్ళ బల్ల మీదకి నెట్టి, మంచిది లాక్కోవడం దగ్గర రోజూ జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్ళట. అప్పట్నుంచీ ఎవరి మౌసు వాళ్ళే తెచ్చుకోవాలి, ఎవరిది వాళ్ళే తీసుకుపోవాలి. పొద్దున నా లిఫ్టులో చూడాలి, ఇరవై సంచుల్లోంచి ఇరవై తోకలు వేలాడుతూ, ఎలుకలన్నీ పెళ్ళికి బయల్దేరినట్టుండేది.

వదిన మౌసు ఆమె కొన్నది కాదు. పని మానేసి పోతూ ఒకామె ఇచ్చిపోయింది. "నాకు బాగా అచ్చొచ్చింది, నీకూ అచ్చొస్తుంది" అందట. చిన్నది, సబ్బు బిళ్ళ అరిగి చివరికొచ్చినట్టుండేది. వదినది పెద్ద చెయ్యి. అది పట్టుకోవాలంటే బల్లిని పట్టుకున్నట్టు వేళ్ళు ముడిచి పట్టాలి. రోజుకి తొమ్మిది గంటలు బల్లిని పట్టుకుని ఉండండి మీరు, తెలుస్తుంది.

ముందు బొటనవేలు తిమ్మిరెక్కింది. తర్వాత మణికట్టు వాచింది. ఒకరోజు ఇంట్లో గ్లాసు జారిపోయింది, ఇంకోరోజు చెంబు. మూడోరోజు అన్నయ్యకి కళ్ళల్లో చుక్కలు వేస్తుంటే సీసా జారి ఆయన ముక్కు మీద పడింది.

"కళ్ళే అనుకున్నా, ముక్కు కూడా తీసేస్తున్నావా?" అన్నాడు అన్నయ్య.

వదిన నవ్వలేదు. ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. నేను పక్కన చేరాను.

"ఆస్పత్రిలో ఏమన్నారు వదినా?"

"చేతికి రెస్టివ్వమన్నారు. లేదంటే మౌసు మార్చమన్నారు. ఇలాగే పోతే వేళ్ళు మడత పడటం మానేస్తాయట."

"రెస్టిచ్చేస్తే సరి."

"పదిహేను రోజుల లెక్క ఎల్లుండి మొదలు మరిదీ. రెస్టిస్తే మీ అన్నయ్య కళ్ళు నువ్విస్తావా?"

"ఇస్తా గానీ వదినా, నా కళ్ళు పెట్టుకుంటే అన్నయ్యకి కూడా లేనివన్నీ కనిపిస్తాయి."

అప్పుడు నవ్వింది. మర్నాడు సెలవు. ఇద్దరం మౌసు కొనడానికి బయల్దేరాం.

కంప్యూటరు సామాన్ల వీధంతా తిరిగాం. ఒక షాపులో ఏది ముట్టుకున్నా "ఇదే బాగుంటుందమ్మా" అన్నాడు. ఇంకో షాపులో అట్టపెట్టె తెరవనివ్వలేదు. తెరిస్తే కొన్నట్టేనట. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదేరా దేవుడా అనుకుంటూ వీధి చివరికి వచ్చాం. అక్కడ మెట్ల కింద ఒక ఇరుకు షాపు. అందులో ఒక పెద్దాయన, ముక్కు కొస మీద కళ్ళజోడు. వదిన అడగ్గానే ఆయన మౌసు చూపించలేదు, "ఏదీ, చెయ్యి చూపించు తల్లీ" అన్నాడు.

"జాతకం చెప్తారా?" అన్నాన్నేను.

"చేతిని చూసి మౌసు చెప్తా. నీ నోరు చూసి నీ జాతకం ఎవరైనా చెప్తారు" అన్నాడు ఆయన.

చెక్క స్కేలు తీసి మణికట్టు నుంచి నడిమి వేలి కొస దాకా కొలిచాడు. అరచెయ్యి మొత్తం ఆనిస్తావా, వేళ్ళ కొసలతో పడతావా అని అడిగాడు. రోజుకి ఎన్ని గంటలు, బల్ల ఎంత ఎత్తు, మోచెయ్యి దేనిమీద ఆనుతుంది, అన్నీ అడిగాడు. సంబంధం మాట్లాడేవాళ్ళు కూడా అన్ని అడగరు.

"మౌసంటే చెప్పుల్లాంటిదమ్మా. చూసి కొనకూడదు, కాసేపు నడిచి కొనాలి" అని తన కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు.

మొదటిది రంగురంగుల దీపాలతో మెరుస్తోంది. బుగ్గ నిండా మీటలు. అది ఆటలాడేవాళ్ళదట. వదిన చెయ్యి పెట్టగానే ఏదో మీట తగిలి తెర మొత్తం మాయమైంది. రెండోది తోక లేనిది. చేతికి బాగానే ఒదిగింది. కానీ పెద్దాయనే వద్దన్నాడు.

"తోక లేనిది బ్యాటరీ మీద బతుకుతుంది. నువ్వు మంచి ఊపులో ఉన్నప్పుడు అది కన్నుమూస్తుంది. రోజంతా పనిచేసేవాళ్ళకి తోక ఉన్నదే నమ్మకం."

మూడోది చూసి నేను పడీపడీ నవ్వాను. అది పడుకోలేదు, నిలబడింది. చెయ్యి బోర్లా పెట్టక్కర్లేదు, ఎవరికో షేక్‌హ్యాండిస్తున్నట్టు పక్కకి పెట్టి పట్టుకోవాలి. వదిన పట్టుకుంది. భుజం దిగింది. మొహంలో ఏదో ముడి విడినట్టయింది.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు పెద్దాయన.

"ఎవరో చెయ్యి పట్టుకుని బాగున్నావా అని అడిగినట్టుందండీ" అంది వదిన.

"నేను రోజూ అడుగుతున్నాగా!" అన్నాను.

"నువ్వు అడిగి, జవాబు కూడా నువ్వే చెప్పేస్తావు" అంది.

పావుగంట గళ్ళు గీయించాడు. మీట ఎంత లోతుకి దిగుతోంది, ఎంత గట్టిగా నొక్కాల్సొస్తోంది, చక్రం తిరిగేటప్పుడు గీరుకుంటోందా, అడుగున జారే పట్టీలు సరిగ్గా ఆనుతున్నాయా, అన్నీ చూశాడు. ఆఖరికి, "ఏదీ, ఆ పాతదోసారి ఇవ్వు, దేనివల్ల చెయ్యి పాడైందో చూద్దాం" అని పాత మౌసు తగిలించాడు. తెర మీద తెల్లగా ఒక పెట్టె తెరిచాడు.

"ఒక్కసారి నొక్కమ్మా."

వదిన నొక్కింది. తెర మీద రెండు చుక్కలు పడ్డాయి.

"మళ్ళీ నొక్కు."

మళ్ళీ రెండు.

"లోపల రేకు అరిగిపోయింది. ఒకటి నొక్కితే రెండు కొడుతోంది. రెండోది అదే చోట పడుతుంది కాబట్టి నీ గడి చెడలేదు, నీకు తెలియలేదు. పాతబడ్డవి చాలావరకు ఇలాగే చేస్తాయిలే. ఇక దీని పని అయిపోయింది" అని కాలి దగ్గరున్న చెత్తడబ్బాలోకి విసిరేశాడు.

"ఒకటి కొంటే ఒకటి ఉచితమన్నమాట" అన్నాన్నేను. ముగ్గురం నవ్వుకున్నాం. ఎంత హాయిగా నవ్వుకున్నామో చెప్పలేను.

పదిహేను రోజుల లెక్కలో మొదటి రోజు. సాయంత్రం వదిన లిఫ్టులోకి వచ్చేసరికి మొహం తెల్లకాగితంలా ఉంది.

"చెయ్యి నొప్పా?"

"చెయ్యి భేషుగ్గా ఉంది. నొప్పన్నదే లేదు."

"మరింకేం?"

"పదిహేడో వరసలో ఉన్నా మరిదీ."

మొన్నటిదాకా రోజుకి ఎన్ని గళ్ళు గీసిందో ఇవాళా అన్నే గీసింది. రెండు గళ్ళు ఎక్కువే గీసింది. బోర్డు మీద అంకె మాత్రం సగానికి సగం పడిపోయింది. నాకు అర్థం కాలేదు. ఆమెకి మూడో అంతస్తు దాటేలోపే అర్థమైంది. నా లిఫ్టు నిదానం కదా, ఆలోచించుకోవడానికి బోలెడు టైముంటుంది.

"ఆ పాతది ఒకటికి రెండు కొట్టేది కదా. గడిలో పడేది ఒకటే, బోర్డు మీద పడేవి రెండు. పధ్నాలుగు నెలలుగా నేను మూడో వరసలో ఉన్నది నా వేలి మహిమ కాదు, దాని రేకు మహిమ."

"పోనీ వెళ్ళి ఆ చెత్తడబ్బాలోంచి ఏరుకొస్తా. పదిహేను రోజులేగా."

వదిన నా వైపు చూసిన చూపుకి లిఫ్టు ఒక అంగుళం కుంగింది.

"తెలియక వాడాను, అది వేరు. తెలిసి వాడితే దొంగతనం. నాకు వద్దు. పైగా ఆ మౌసుతో పదిహేను రోజులు చేస్తే ఈ చెయ్యి ఉండదు." కుడి అరచెయ్యి తిప్పి చూసుకుంది. "ఈ చేత్తోనే పన్నెండులోకి ఎక్కగలను. నొప్పి లేదు కదా, వేగం పెంచుతా. నువ్వు మాత్రం ఈ మాట ఎక్కడా అనకు. కాలు జారితే లేపొచ్చు, నోరు జారితే లేపలేం."

"నేనా? నా నోరు కుట్టేసుకుంటా" అన్నాను. నిజంగానే అనుకున్నాను.

ఆ పధ్నాలుగు రోజులు వదిన చేసిన పని గురించి నేను కోతలు కొయ్యక్కర్లేదు, ఉన్నదున్నట్టు చెప్తేనే ఎవరూ నమ్మరు. అందరికన్నా ముందొచ్చేది. మధ్యాహ్నం డబ్బా తెచ్చుకునేది గానీ, మూత తీసేది లిఫ్టులో సాయంత్రం దిగేటప్పుడే. నీళ్ళు తాగితే లేవాల్సొస్తుందని నీళ్ళు మానేసింది. పదిహేడు పదహారైంది. పదహారు పధ్నాలుగైంది. పధ్నాలుగు దగ్గర నాలుగు రోజులు బండరాయిలా కదల్లేదు. రోజూ సాయంత్రం తలుపు తెరవగానే నేను చేత్తో సైగ చేసి అడిగేవాణ్ణి, ఆమె వేళ్ళతో చూపించేది. ఇంట్లో అన్నయ్య కూడా అడుగు చప్పుడు వినగానే "ఎంత?" అనేవాడు. పేరు కూడా పిలిచేవాడు కాదు.

పధ్నాలుగో రోజు సాయంత్రం వదిన రెండు చేతుల వేళ్ళూ చూపించి, ఆపైన ఇంకో రెండు వేళ్ళు చూపించింది. పన్నెండు!

లిఫ్టులో ఎవరూ లేరు. నేను స్టూలెక్కి గెంతాను. ఇంక ఒక్కరోజు. ఇదే జోరులో ఇంకొక్కరోజు గడిస్తే కాగితం, కాగితం వెంబడి కళ్ళు.

మర్నాడు పొద్దున వదినని పైన దింపేసి కిందికొచ్చాను. నిమిషం సారు ఒక్కడే ఎక్కాడు. తలుపు వేశాను. గడియారం చూసుకున్నాడు. ఊరుకుని ఉంటే నాలుగో అంతస్తులో దిగి పోయేవాడు. ఊరుకోలేదు.

"మీ వదిన ఇదివరకు బాగా చేసేదయ్యా. మూడులో ఉండే మనిషి, ఇప్పుడు కిందామీదా పడి పన్నెండులో వేలాడుతోంది. ఏం, ఇంటి గొడవలా? బద్ధకమా?"

బద్ధకమట! నీళ్ళు మానేసి గళ్ళు గీస్తున్న మనిషిని పట్టుకుని బద్ధకమట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"బద్ధకం కాదు సార్. ఇదివరకు మీకు కనపడిందే తప్పుడు లెక్క. అప్పుడు పాత మౌసు. ఇప్పుడున్నది అసలు సిసలు పని."

"పాత మౌసుకేమైంది?"

అప్పుడైనా ఆగొచ్చు. లిఫ్టు రెండో అంతస్తు దాటింది. ఎదుటి మనిషి నోరు తెరుచుకుని వింటుంటే నాకు పూనకం వస్తుంది, అదే నా రోగం. ఆయన గడియారం చూడటం మానేసి నా మొహం చూస్తున్నాడు. ఆయన ఎవరి మొహమైనా చూడటం నేను అంతకుముందు చూడలేదు.

"అది మామూలు మౌసా సార్! ఒక్కసారి నొక్కితే..." రెండని చెప్పాలి. నాకు తెలుసు రెండని. కళ్ళారా చూశాను. రెండు మరీ చప్పగా అనిపించింది. మీట పక్కన అంకె నాలుగు వెలిగింది, నా నోరు కూడా అక్కడికే చేరింది. "...ఒక్కసారి నొక్కితే నాలుగు కొట్టేది! వదిన మంచినీళ్ళకి లేచి వెళ్ళినా సరే, దాని పని అది చేసుకుపోయేది. బల్ల మీద తోక ఆడిస్తూ టకటకా టకటకా నొక్కేసుకునేది. అట్లాంటిదాన్ని పారేసి ఈ కష్టం పడుతోంది సార్ మా వదిన. బద్ధకమంటారేంటి!"

ఆయన నవ్వలేదు. తలుపు తీశాను. దిగుతూ, "నాలుగు" అని చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

గంటలోపే నాకు పిలుపొచ్చింది. లిఫ్టు ఆపేసి, స్టూలు తలుపుకి అడ్డం పెట్టి లోపలికెళ్ళాను. గాజు గదిలో వదిన నిలబడి ఉంది. అటు పంతొమ్మిది మందీ వేళ్ళు ఆడిస్తూనే చెవులు ఇటు పడేశారు.

"పొద్దున నాతో చెప్పింది మళ్ళీ చెప్పు" అన్నాడు నిమిషం సారు.

వదిన నా వైపు చూసింది.

"అది కోతండీ. ఊరికే నవ్వుకోవడానికి కోసిన కోత. అసలు రెండే కొట్టేది. రేకు అరిగి" అన్నాను.

"రెండైతే అరిగిందంటే ఒప్పుకుంటా. పాత మౌసులు చేస్తాయి, నాకూ తెలుసు. మనిషి లేకపోయినా దానంతటదే నొక్కుతుందంటే అరగడం కాదది. కావాలని చేయించిందే."

"నేను అబద్ధాలకోరుని సార్! బిల్డింగు మొత్తాన్ని అడగండి!"

అడిగించాను కూడా. ఐదో అంతస్తులో పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే నర్సమ్మని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఆమె పాపం మంచిది. "ఈయన మాటలు పట్టించుకుంటారా సార్? మా డాక్టరు పీకిన పన్ను లిఫ్టులో పట్టక మెట్ల మీదుగా ఇద్దరు మోసుకెళ్ళారని అందరికీ చెప్తాడు. ఒక్క ముక్క నిజముండదు" అంది. పంతొమ్మిది మందిలోనూ కొందరు తలలూపారు. నా పరువు పోతున్నకొద్దీ నాకు సంతోషం పెరిగింది.

"తప్పు బయటపడ్డాక అందరూ అబద్ధమనే అంటారు. ఎలుకకి పిల్లి సాక్ష్యం. పొద్దున నేను అడిగింది బద్ధకమా అని. మౌసు సంగతి ఎవరడిగారు? ఎవరూ అడక్కుండా వచ్చిన మాటే నిజం మాట" అన్నాడు నిమిషం సారు.

పుట్టి బుద్ధెరిగాక నా మాట నమ్మిన మొట్టమొదటి మనిషి ఆయనే.

వదిన అప్పుడు నోరు తెరిచింది. గొంతు పెంచలేదు. "ఈ పదిహేను రోజులూ కొత్త మౌసే సార్. ఇదిగో, మీరే నొక్కి చూడండి. ఒకటికి ఒకటే. గీసిన గళ్ళు లెక్కపెట్టండి. అప్పుడెన్నో ఇప్పుడంతకన్నా ఎక్కువ."

"గళ్ళు లెక్కపెట్టేది పై ఆఫీసు. నా దగ్గరున్నది నొక్కుల లెక్క."

"షాపాయన్ని అడగండి. ఆయన ముందే పరీక్ష చేశాం."

ఫోన్ చేశాడు, అందరికీ వినపడేలా పెట్టాడు. అవతల పెద్దాయన గొంతు. "మౌసా? రోజుకి ఎందరో వస్తారు, ఎన్నో తెస్తారు. ఏది ఎవరిదో, ఏది ఎన్ని కొట్టిందో నాకేం గుర్తుంటుంది బాబూ? చెత్త ఎప్పుడో పోయింది." వెనకాల ఎవరో బేరమాడుతున్నారు. పెట్టేశాడు.

నిమిషం సారు కంప్యూటర్లో వదిన పధ్నాలుగు నెలల లెక్క తీసి, దాన్ని నాలుగుతో భాగించాడు. నా నాలుగుతో. ఆ ఆఫీసు పుట్టాక అంత తక్కువ పని చేసిన మనిషి లేదని తేలింది. ఇరవై పేర్లున్న బోర్డు మీద మా వదిన ఇరవైయొకటోది.

"ఇవాళ్టితో ఆపెయ్యండి. పోలీసుల దాకా పోవట్లేదు, అది చాలనుకోండి" అని గడియారం చూసుకున్నాడు.

వదిన తన బల్ల దగ్గరికెళ్ళి మౌసు ఊడదీసి, తోక చుట్టి, సంచిలో పెట్టుకుంది. పక్క సీటామె ఆమె చెవిలో ఏదో అంది. తర్వాత తెలిసింది, ఓదార్పు కాదు, "ఆ పాతది ఏ షాపులో పారేశావు?" అని అడిగిందట.

లిఫ్టులో ఇద్దరమే. తలుపు వేశాను. మీట నొక్కాను. ఆ రోజు అది ఎప్పటికన్నా నిదానంగా దిగింది, ఇది కోత కాదు.

"రెండని ఎందుకు చెప్పలేదు మరిదీ?" అంది. కోపంగా అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "చెప్పనే కూడదు. సరే, నోరు జారావు. రెండని జారి ఉంటే ఆయనే ఒప్పుకునేవాడు. విన్నావుగా."

"రెండంటే ఎవరికి నవ్వొస్తుంది వదినా?" అన్నాను.

ఆమె కుడిచెయ్యి చాపి వేళ్ళు ముడిచింది, విప్పింది. బాగానే కదులుతున్నాయి.

మూడో అంతస్తులో తలుపు తెరుచుకుంది. నలుగురు ఎక్కారు, టీకి వెళ్తున్నవాళ్ళు. "ఏంటి బాబాయ్, మొహం వేలాడేశావు? ఇవాళ సరుకు లేదా?" అన్నాడు ఒకడు. లేదని చెప్దామనే నోరు తెరిచాను. "సరుకుకేం తక్కువ బాబూ, పొద్దున ఈ లిఫ్టు తాడు ఎంత సాగిందంటే..." అని మొదలైపోయింది. నా నోరు నా మాట వినలేదు. నలుగురూ గొల్లుమన్నారు. వదిన మూలన సంచి గుండెకి పట్టుకుని తలుపు వైపు చూస్తూ నిలబడింది.

కింద వాళ్ళు దిగి వెళ్ళిపోయారు. వదిన గడప దాటి, ఆగి, వెనక్కి తిరిగింది.

"మీ అన్నయ్యకి నేనే చెప్తాను. నువ్వు మాత్రం ఒక్క ముక్క కలపొద్దు" అంది. "ఉన్నదే చాలా పెద్దది."